రేలపాడు చెరువుకు పట్టిన కంటి కూర

మా చెల్లెలు సరోజను ఇచ్చిన ఊరు రేలపాడు. భద్రాచలం దాటి, దుమ్ముగూడెం రోడ్డు మీద బస్సు దిగి, అడవి దారిలో రెండు మైళ్ళ పైచిలుకు నడిస్తే వస్తుంది. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన మూడు నాలుగేళ్ళకు, పుష్యమి కార్తెలో నేను అక్కడికి వెళ్ళాను. అంత వానల్లో అంత దూరం వెళ్ళడానికి కారణం ఒక ఆకుకూర.

ఆ ఊళ్ళలో బట్టల మూట వేసుకుని తిరిగే మా ఊరాయన ఒకరున్నారు. సరోజ ఆయనతో కబురు పంపింది. "చెరువుల కూర పెరిగి నీళ్ళు దిగుతలేవు. నారు ముదిరిపోతున్నది. పోయినేడు నాటు పడలే. ఈసారి గూడ పడకపోతే వచ్చే సంతకు ఎడ్లను తోలుతనంటున్నడు మీ బావ. అన్న వచ్చి లెక్క జెప్తే మా అత్త వింటది." ఇదీ కబురు. కూర పెరిగితే నీళ్ళు ఎందుకు ఆగాలో, ఆగితే దానికి అత్తగారు వినవలసింది ఏముందో ఆయనకూ తెలియదు, నాకూ అంతుపట్టలేదు. ఎడ్ల మాట ఒక్కటే అర్థమైంది. రెండెకరాల రైతు ఎడ్లను అమ్మాడంటే మర్నాటి నుంచి కూలికి పోవలసిందే.

నేను కారేపల్లిలో మిరపకాయల కాటా దగ్గర పనిచేస్తాను. చదివింది ఐదో తరగతి. ఆ పైన వచ్చిన లెక్కలన్నీ కాటా దగ్గర నిలబడి నాకు నేనుగా నేర్చుకున్నవే. ఒకసారి సరోజ అత్తగారు లచ్చమ్మ చింతపండు అమ్మినప్పుడు తూకంలో తేడా పట్టి చూపించాను. అప్పటి నుంచి ఆమెకు నా లెక్క మీద గురి. వానాకాలం కాటాకు పని ఉండదు కాబట్టి గొడుగు, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

డోర్నకల్లు నుంచి వచ్చే పాసింజరు కారేపల్లికి ఏడుంపావుకు రావాలి. ఎనిమిదింటికి వచ్చింది. ఎక్కేసరికి కిటికీ పక్కన మధిర వైపు పెద్దాయన ఒకరు, భార్యతో, ఇద్దరు మనవలతో కూర్చుని ఉన్నారు. భద్రాద్రి రాముడి దగ్గర మనవలకు పుట్టువెంట్రుకలు తీయించడానికి పోతున్నారు.

"ఏమండీ, భద్రాచలం రోడ్డులో దిగితే గుడి కనపడుద్దా?" అని అడిగాడాయన.

"గుడి కనపడదండీ. కొత్తగూడెం కనపడుతుంది. అక్కడినుంచి బస్సులో గంటన్నర పోవాలి" అన్నాను.

"మరి ఊరి పేరు పెట్టి ఇదేం మోసం అండీ?"

"రోడ్డు అని కూడా పెట్టారు కదండీ."

ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "టిక్కెట్టు తీసేటప్పుడే చెప్పా, ఇంత చవగ్గా రాముడు దొరకడని" అంది. అటు వెళ్ళేవాళ్ళు చాలామంది ఇదే పొరపాటు పడుతుంటారు. భద్రాచలం రోడ్డు అనే స్టేషను భద్రాచలానికి పాతిక మైళ్ళ ఇవతలే ఉందని తెలిసి బయలుదేరడం మంచిది.

తొమ్మిదిన్నర దాటాక కొత్తగూడెంలో దిగాం. స్టేషను బయట ఇడ్లీలు వేడిగా ఉన్నాయి కానీ చట్నీ పలచన. బస్టాండులో భద్రాచలం బస్సు నిండుగా ఉంది. పెద్దాయన కుటుంబానికి ముందు సీట్లు దొరికాయి, నేను వెనక సీటులో సర్దుకున్నాను. పాల్వంచ పొగగొట్టాలు దాటిన తర్వాత అడవి మొదలైంది. వానకు కడిగినట్టున్న టేకు చెట్ల మీద తెల్లటి పూత. వంతెన మీదికి రాగానే బస్సులో అందరూ ఒక్కసారి లేచి నిలబడి గోదావరికి దండం పెట్టారు. ఎర్రటి కొత్త నీరు అంచుల దాకా పోతోంది. మనవలిద్దరూ చెరొక పైసా విసిరితే ఒకటి వంతెన కమ్మీకి తగిలి బస్సులోకే వచ్చి పడింది.

భద్రాచలం బస్టాండు ఎదురుగా మెస్సులో భోజనం చేశాను. ఆరు రూపాయలకు అన్నం, పప్పు, వేపుడు, పులుసు, మజ్జిగ. పప్పు ఆకుకూరతో చేశారు. వడ్డించే అతను మారు పప్పు వేస్తూ, "తినండి సార్, పొన్నగంటి. పోయిన కన్ను గూడ తెస్తది" అన్నాడు. పోయిన కంటి కూర అనే మాటే పొన్నగంటి కూర అయిందని మా వైపు కూడా చెప్పుకుంటారు. కళ్ళు మసకలు వచ్చినవాళ్ళకు నలభై రోజులు వండి పెడతారు. నేను రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

చర్ల వెళ్ళే బస్సు ఒంటిగంటన్నరకు. అందులో మనుషులకంటే కోళ్ళ గంపలు, వెదురు బుట్టలు, ఎరువుల బస్తాలు ఎక్కువ. రేలపాడు అడ్డరోడ్డు దగ్గర దిగేసరికి మూడు కావస్తోంది. చెట్టు కింద మా బావ వీరయ్య బీడీ ఆర్పేస్తూ లేచాడు.

"ఏం బావా, బస్సు నిన్నింకా మోసుకొస్తదా, తొవ్వల పడేసిందా అనుకుంటున్న" అన్నాడు. మాటలో హుషారు ఉంది గాని మనిషి చిక్కిపోయాడు.

దారిలో ఎడ్ల సంగతి అడిగాను. "బేరగాడు చూసిపోయిండు. సోమారం సంతకు తోలుకరమ్మన్నడు" అని, ఇక ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు గురువారం.

ఊరు ఇంకా అర ఫర్లాంగు ఉందనగా కుడిచేతి వైపు పెద్ద పచ్చిక బయలు కనిపించింది. కొంగలు దాని మీద నడుస్తున్నాయి. "ఇంత బీడు వదిలేశారేం బావా?" అన్నాను.

"బీడు గాదు, అదే మా చెరువు" అన్నాడు.

గట్టెక్కి చూశాను. ఐదేళ్ళ కిందట ఒక పెళ్ళికి వచ్చినప్పుడు అద్దంలా ఉన్న నీరు ఇప్పుడు తూము దగ్గర మంచమంత మేర తప్ప ఎక్కడా కనిపించడం లేదు. మిగతాదంతా ఆకు. మోకాలెత్తు కాడలు ఒకదానిలో ఒకటి అల్లుకుని, చాప నేసినట్టు నీటి మీద పరుచుకున్నాయి. మధ్యమధ్య తెల్లటి చిన్న పూలు. ఒక కాడ విరిస్తే లోపల బోలుగా ఉంది. అందుకే అది తేలుతోంది. తూము నుంచి పోయే కాలువలో కూడా చివరికంటా అదే.

"పొన్నగంటి ఇంత పెరుగుతుందా?" అన్నాను.

"మా అమ్మ నడుగు. ఆమే దెచ్చింది."

గట్టు మీద ఆ చెరువు నీరటి ముత్తయ్య కూర్చుని ఉన్నాడు. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసేది నీరటే. ఆయన కోయ పెద్దమనిషి. ఊళ్ళో సగం ఇళ్ళు కోయవాళ్ళవి, సగం మావాళ్ళవి.

"పారతో గీకి పడేయొచ్చు కదా?" అని అడిగాను.

ముత్తయ్య నవ్వాడు. "మా ఇండ్లల్ల ఆ మాట లేదు. కని ఊరంత కంటి కూర, పీకితే పీకినోని కన్ను పోతదంటుంటే నేనొక్కన్నే పీకి నా కన్ను పందెం పెట్టాల్నా? ఉన్నయే రెండు."

అసలు సంగతి అప్పటికి తెలిసింది. నాలుగేళ్ళ కిందటికే లచ్చమ్మత్తకు రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరిపోయాయి. మనిషి నీడ తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆ రోజుల్లో భద్రాచలం తీసుకుపోతే, గోదావరి ఒడ్డున ఎవరో ఒకామె పొన్నగంటి అని చెప్పి ఒక కట్ట ఆకుకూర ఇచ్చింది. ఆకు తుంచి వండుకుని, మిగిలిన కాడలను లచ్చమ్మత్త తన చేత్తో చెరువు అంచున గుచ్చింది. గుచ్చుతూ ఒక మొక్కు మొక్కింది: "పొన్నగంటమ్మా, నాకు కన్నిస్తే నిన్ను వేరుతో పీకనియ్య, ఎవలినీ పీకనియ్య." తర్వాత దవాఖానాలో కళ్ళకు ఆపరేషను చేశారు. చూపు వచ్చింది. అప్పటి నుంచి ఊరందరూ ఆ కూరను చివర్లు గిల్లుకుని తింటారే తప్ప వేరు కదపరు. గిల్లిన చోటల్లా రెండేసి కొమ్మలు వేసింది. గిల్లేటప్పుడు నీళ్ళలో జారిపడిన ప్రతి కణుపూ వేరు పట్టింది. మూడేళ్ళలో చెరువును మింగింది. దాని కింద చేపలు కూడా తగ్గిపోయాయని ముత్తయ్య చెప్పాడు.

ఇంటికి పోయేసరికి లచ్చమ్మత్త దళసరి కళ్ళద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుంది.

"వచ్చినవా లెక్కల అల్లుడా? ఏది, ఇటు తిరుగు. అయ్యో, తల నెరిసిందేంది! కండ్లు లేనప్పుడే నయముండె, అందరు పడుచోళ్ళ లెక్కనే ఉండెటోళ్ళు" అంది.

సరోజ నాకు కాళ్ళకు నీళ్ళిస్తూ మెల్లగా చెప్పింది. "రేపు కొలిచి చూడు అన్నా. నీ నోటితోటి ఎంత నీళ్ళు పోతున్నయో చెప్పు. నేను జెప్తే అత్తమీద కోడలు చాడీ అయితది."

మర్నాడు పొద్దున ఏడింటికి ముత్తయ్య తూము ఎత్తాడు. నేను కాలువ వెంట నడిచాను. ఎండు తునికాకు ఒకటి నీళ్ళలో వేసి, అది ఎంత సేపటికి ఎంత దూరం పోతోందో ముంజేతి గడియారంలో చూసుకున్నాను. కాలువ వెడల్పు, నీటి లోతు జానలతో కొలుచుకున్నాను. మొదట్లో కాలువ చక్కగా పారింది. సగం దూరానికి తునికాకు ఆ కూరలో చిక్కుకుని ఆగిపోయింది. అక్కడ నీరు గట్టు మీద నుంచి పక్కనున్న పొదల్లోకి పొర్లుతోంది. చివర ఉన్న మా బావ మడి దగ్గర కాలువలో నా చెప్పు మునగలేదు. ఆ పక్కనే నారుమడి. నారు జానెడు దాటి, కొసలు పసుపు తిరుగుతున్నాయి. ఇంకో వారం పోతే నాటినా పిలక వెయ్యదని బావ అన్నాడు. ఒక నారు మొక్కను పీకి, వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు చూశాడు.

పదకొండింటికి ఇంటికి వచ్చి లచ్చమ్మత్త ముందు కూర్చున్నాను.

"లెక్క తెగిందా అల్లుడా?"

"తెగింది అత్తా. తూము దగ్గర పది కడవలు వదిలితే మీ మడికి రెండు కడవలు కూడా అందడం లేదు."

"మిగిలిన ఎనిమిది ఏడ బోయినయ్?"

"కూర అడ్డం పడి పొదల పాలయ్యాయి."

ఆమె చేతికర్ర గోడకు ఆనించింది. "నీ లెక్క తప్పని నేననను. కని బిడ్డా, రెండేండ్లు నా మనవరాలి మొకం చేత్తోటి తడిమి చూసిన. ముక్కు ఇంత, చెవు ఇంత. నవ్వుతుందో ఏడుస్తుందో తడి తగిలితేగాని తెల్వకపోయేది. ఆ కూరకు మొక్కిన, కండ్లొచ్చినయ్."

"కళ్ళు డాక్టరు ఇచ్చాడు కదా అత్తా?"

"డాక్టరు సగం, కూర సగం. డాక్టరు సగానికి చింతపండు ఇచ్చిన. కూర సగానికి మాట ఇచ్చిన. ఎడ్లు పోతే మళ్ళ కొనుక్కోవచ్చు. మాట మళ్ళ యాడ కొంటం?"

పది కడవల లెక్కా, రెండు కడవల లెక్కా ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్న తర్వాత ఇక చెప్పేదేముంది? వీరయ్య గోడకు ఆనుకుని అంతా విన్నాడు. కొట్టంలోకి పోయి ఎడ్లకు గడ్డి వేసి, వాటి కొమ్ములకున్న పాత రంగు గోటితో గీకుతూ నిలబడ్డాడు. సరోజ బావి గట్టున తనంతట మొలిచిన కూరా, చెరువులో గిల్లిన కూరా కలిపి ఒక చాటలో తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, మొహం తిప్పుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మామూలుగా ఆకు తనే ఒలుస్తుందట. ఆపరేషనైన దగ్గర నుంచి అత్తను కళ్ళకు పని పెట్టనివ్వదు. ఆ రోజు కోపంలో మరిచిపోయింది.

నేనూ లచ్చమ్మత్తా ఆకు ఒలవడం మొదలుపెట్టాం. ఆమె కళ్ళు మూసుకునే తుంచుతోంది. గుడ్డిగా ఉన్నప్పటి అలవాటు. నాకు కాటా దగ్గరి అలవాటు ఒకటి ఉంది. మిరపకాయలు చేతికి వస్తే తొడిమ ఉన్నది ఒక వైపు, ఊడినది ఒక వైపు వేస్తాను. చేతులు ఊరుకోక, ఈ కూరను కూడా అట్లాగే రెండు కుప్పలు చేశాను. కొన్ని కాడలకు తెల్లపువ్వు కణుపుకు అతుక్కుని, అక్కడే పుట్టినట్టు ఉంది. మరికొన్నింటికి పువ్వు కింద వేలి పొడవు తొడిమ ఉంది.

"అత్తా, తొడిమ లేనిది ఒక కుప్ప, ఉన్నది ఒక కుప్ప వేశాను. రెండూ ఒకే పప్పులో వేయొచ్చా?" అన్నాను. ఆ మాటలో నాకు వేరే ఉద్దేశం ఏమీ లేదు.

"పొన్నగంటికి తొడిమేంది?" అంది.

"ఇదిగో."

ఆమె కళ్ళు తెరిచింది. తొడిమ పువ్వును అద్దాల ముందుకు తెచ్చుకుంది. అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. తొడిమ లేని బావి గట్టు కాడ ఒకటి, తొడిమ ఉన్న చెరువు కాడ ఒకటి పక్కపక్కన పట్టుకుని చూసింది. తర్వాత రెండో కాడను మధ్యకు విరిచి, బోలుగా ఉన్న లోపలికి ఊదింది. పొయ్యి దగ్గర సరోజ చెయ్యి ఆగిపోయింది.

"కన్ను మొకానికి అతుక్కొని ఉంటది. గదీ కన్నంటే" అంది లచ్చమ్మత్త చివరికి. "తొడిమ మీద నిలబడ్డ కన్ను ఎవలికుంటది?"

సరోజ గరిటెతోనే లేచి వచ్చింది.

"ఎండ్రకాయకుంటది!" అని ఆమే చాటను చరిచింది. "ఇది పొన్నగంటి గాదురా. ఎండ్రగంటి! నాలుగేండ్ల సంది ఎండ్రకాయ కంటికి మొక్కుకుంట కూసున్నమా!"

సరోజ పకపకా నవ్వింది. ఎండ్రకాయ అంటే పీత. దాని కన్ను పుల్ల మీద గుచ్చినట్టు బయటికి ఉంటుందని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. లచ్చమ్మత్త మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, "అయితే నా కన్ను?" అంది.

"డాక్టరు సగం ఎక్కడికీ పోలేదు కదత్తా" అన్నాను.

"అవ్. ఈ సగం గూడ ఆయనకే రాసిస్త. ఇంకింత చింతపండు బోతది, అంతే గద." ఆమె కర్ర అందుకుని లేచింది. "నేను మొక్కింది పొన్నగంటమ్మకు. ఎండ్రగంటికి గాదు. కండ్లు లేనినాడు తెచ్చినగద, పేరు తప్పు జెప్పి ఇస్తే నమ్మిన. సరోజా, పప్పు తర్వాత. మీ ఆయనను పిలువు."

మధ్యాహ్నం రెండింటికి ఊరంతా చెరువు గట్టు మీద ఉంది. కూరను పీకుతారని తెలిసి వచ్చినవాళ్ళ కంటే, లచ్చమ్మ కళ్ళు ఏమవుతాయో చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ. ఆమె ముందు బావి గట్టున ఉన్న అసలు పొన్నగంటి చుట్టూ కొడుకు చేత ముళ్ళకంప పెట్టించింది. మొక్కు దానిదట, దాని వేరు ఎవరూ ముట్టకూడదు. తర్వాత చెరువులోకి మోకాలి లోతు దిగింది. ఒక కాడను మొదలంటా పట్టుకుని రెండు చేతులతో లాగింది. నల్లటి వేళ్ళతో, బురదతో బారెడు తీగ వచ్చింది. దాన్ని గట్టు మీదికి విసిరి, నీరటి వైపు తిరిగింది.

"ముత్తయ్యా, నా మొకం జూసి చెప్పు. కండ్లున్నయా, పోయినయా?"

ముత్తయ్య దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "నాలుగున్నయ్ లచ్చక్కా" అన్నాడు. రెండు కళ్ళు, రెండు అద్దాలు.

ఆ నవ్వులోనే జనం నీళ్ళలోకి దిగారు. తూము మూయించి ముందు కాలువ, తర్వాత తూము ముందున్న మడుగు శుభ్రం చేశారు. జలగలు పట్టాయి, వాన ఒకసారి కురిసి వెలిసింది, ఎవరూ పైకి రాలేదు. పీకినదాన్ని గట్టు మీద వేస్తుంటే నేను ఒక మాట చెప్పాను. కణుపు కణుపుకూ వేరు పట్టే మొక్క, తడి నేల మీద ఉంటే మళ్ళీ దిగుతుంది. దూరంగా ఉన్న బండ మీద పోస్తే ఎండకు చస్తుంది. ముత్తయ్య దానికి తోడు, కాలువ చివర వెదురు తడిక కట్టించాడు. కొట్టుకొచ్చిన ముక్కలన్నీ అక్కడ ఆగేట్టు. గేదెలు మోపుల కొద్దీ తిన్నాయి. ఇంటింటికీ కూర పోయింది. రుచి చెప్పమంటే, పొన్నగంటి కంటే కాస్త చప్పన. వెల్లుల్లి ఎక్కువ వేస్తే తేడా తెలియదు.

చీకటి పడేలోపు లచ్చమ్మత్త కొత్త కట్టడి చెప్పింది. గట్టు మీద కూర్చుని, పాదాల నుంచి జలగలను ఉప్పుతో రాల్చుకుంటూ, అందరికీ వినపడేట్టు: "ఎండ్రగంటి కావాల్సినోళ్ళు వేరుతోటి పీకి తినాలె. గిల్లొద్దు. ఒక్క కణుపు నీళ్ళల్ల వడేసినా, వాళ్ళ ఇంటికి నేనొచ్చి నాలుగు కండ్లతోటి కూసుంట."

ఆ రాత్రి పంచలో నులక మంచం మీద బాగా నిద్రపట్టింది. దోమలున్నాయి, దుప్పటి తీసుకుపోవాలి.

మర్నాడు శనివారం. తెల్లవారి తూము ఎత్తగానే అందరం కాలువ వెంట నీటితో పాటు నడిచాం. ఎర్రటి నీరు నురుగు, పుల్లలు, కప్పలు నెట్టుకుంటూ పోయింది. సగం దారిలో ఆగలేదు. చివరి మడి దగ్గర వీరయ్య పారతో గండి కొట్టి పక్కకు జరిగాడు. నీరు మడిలోకి దూకి, నెర్రెల్లోకి ఇంకుతూ, బుడగలు వేస్తూ పరుచుకుంది. అతను చెప్పులు విప్పి, కాళ్ళు తడిసేదాకా మడిలో అటూ ఇటూ నడిచాడు.

మధ్యాహ్నానికి దమ్ము మొదలైంది. ఎడ్లు ఆ రోజూ, మర్నాడూ బురదలోనే ఉన్నాయి. ఆదివారం పొద్దున పదిమంది ఆడవాళ్ళు వంగి నాటు వేస్తుంటే, సంతకు ముందే సరుకు చూసుకుందామని ఎడ్ల బేరగాడు వచ్చాడు. సరోజ అతనికి ఆకు వేసి అన్నం, ఎండ్రగంటి పప్పు పెట్టింది.

"కూర మంచిగున్నది. ఎడ్లేవీ?" అన్నాడతను.

"పనిల ఉన్నయ్. ఇంకొన్నేండ్లకు రా" అంది సరోజ.

చెరువు ఇంకా మూడొంతులు పచ్చగానే ఉంది. అంతా పోవడానికి ఎండాకాలం దాకా పీకుతూ ఉండాలని ముత్తయ్య అంచనా. వంతులు వేసుకున్నారు. తినే చేతులు ఉన్నాయి కాబట్టి పని ఆగదని నా అంచనా.

ఆదివారం పదకొండింటికి అడ్డరోడ్డు చేరాను. ఒంటిగంటకు భద్రాచలం. అదే మెస్సులో భోజనం. ఆ రోజు పప్పులో బచ్చలి. రెండింటికి కొత్తగూడెం బస్సు ఎక్కి, మూటలు, దండలు, ప్రసాదాల మధ్య కిటికీ పక్కన కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఉన్న బరువు పోయింది. కొలతలు తీయడానికి పోయినవాణ్ణి, నా కొలతలతో ఒక్క కాడ కూడా కదలలేదు. దానికి నాకు చిన్నతనం ఏమీ అనిపించలేదు. చెల్లెలి మడి పచ్చబడింది, ఆమె అత్త మాట తప్పలేదు. అటువైపు పోయేవాళ్ళు రేలపాడు చెరువు చూడదలిస్తే మంచిదే, కానీ ఏ చెరువులో పొన్నగంటి కనపడినా తీసుకుపోయే ముందు పువ్వు కింద ఒకసారి చూడండి.

నా పక్క సీటులో పాల్వంచకు టిక్కెట్టు తీసుకున్న ఒకామె కాళ్ళ దగ్గర తడి గోనెసంచి పెట్టుకుంది. నీళ్ళు కారుతున్నాయని కండక్టరు గొణిగాడు. సంచి మూతిలోంచి పచ్చటి ఆకు కనపడింది.

"ఏం కూరమ్మా?" అని అడిగాను.

"పొన్నగంటి అన్నా. మా ఆయనకు మసకలొస్తున్నయ్. మా ఊరి కుంటల పెడ్త, అందరికైతది."

ఒక కాడ అడిగి తీసుకుని చూశాను. పువ్వుకు వేలెడు తొడిమ. రేలపాడు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని విని, "అమ్మో, చెరువునే మింగిందా!" అని సంచి ఎత్తి కిటికీలోంచి పారేయబోయింది. బస్సు అప్పుడు సరిగ్గా ఒక వాగు వంతెన మీద ఉంది. కింద నిండుగా నీళ్ళు.

నేనూ, పక్కన నిలబడి అంతా విన్న కండక్టరూ ఒకేసారి అరిచాం. నేను సంచి అడుగు పట్టుకున్నాను. ఆకు నీళ్ళన్నీ కండక్టరు టిక్కెట్ల మీద పడ్డాయి.

"వద్దన్నోనివి నువ్వే, పట్టుకున్నోనివి నువ్వే. మరేం జెయ్యాలె దీన్ని?" అంది ఆమె.

"వండుకుని తిను. కాడలు, వేళ్ళు బండ మీద ఎండబెట్టు. కుంటలో వెయ్యకు, గుంటలో వెయ్యకు. మీ ఆయనను మాత్రం జల్దీ దవాఖానాకు తీసుకుపో."

"కూరేమో తినుడు, కండ్లేమో దవాఖానా" అని తనకు తాను చెప్పుకుని, సంచి ఒళ్ళోకి తీసుకుంది. చీర తడిసినా మళ్ళీ కింద పెట్టలేదు.

పాల్వంచ బస్టాండులో దిగింది. వాన కురిసి ఆవరణంతా మడుగులు. ఆమె సంచి నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తిన్నగా పోతే పది అడుగుల్లో గేటు ఉన్నా, ఎదురైన ప్రతి మడుగు చుట్టూ తిరిగి, తిరిగి, రోడ్డు ఎక్కింది.